మీ పేరు వద్దన్నాను

ఏమండీ,

మీరు కన్నుమూసి ఈ రోజుకి ఏడాది. మన ఊరు నోవైలో పొద్దుటినుంచి మంచు కురుస్తూనే ఉంది.

డెట్రాయిట్‌లో మీరు ఆదివారాలు ఉచితంగా వైద్యం చేసిన క్లినిక్ నుంచి ప్రసాద్ గారు వచ్చారు. క్లినిక్‌కి మీ పేరు పెడతారట. ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నారో మీరు ఎవరికీ చెప్పేవారు కాదు. పార్టీలకు రానందుకు మనవాళ్లు "డాక్టర్ గారికి పొగరు" అన్నా నవ్వి ఊరుకునేవారు. నేను ఉడుక్కుంటే ఒకసారి చెప్పారు. వెయ్యేళ్లకు ముందే నిషాపూర్ అనే ఊళ్లో మలామతీలనే సూఫీలు ఉండేవారని, చేసిన మంచిని దాచుకుని, లోకం వేసే నిందను మాత్రం నలుగురిలో మోసేవారని. మెప్పు రుచి మరిగిన మనసు దేవుణ్ణి వదిలి జనం వైపు చూస్తుందని వాళ్ల భయమట.

"వద్దండీ, పేరు పెట్టకండి" అన్నాను.

"అదేంటమ్మా! బోర్డు కూడా ఆర్డర్ చేసేశాం. అందరూ ఫీలవుతారు."

"అయినా వద్దు."

కారణం చెబితే అదీ మిమ్మల్ని పొగడటమే అవుతుంది. అందుకే చెప్పలేదు. ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం మన సల్మా ఫోన్ చేసింది.

"అమ్మీ, ఎవ్రీబడీ నిన్నే బ్లేమ్ చేస్తున్నారు. డాడీ మీద నీకు లవ్ లేదంట!"

"అననీలే తల్లీ" అన్నాను.

గోడ మీద మీ పేరు చదువుకోవాలని నాకూ ఉందండీ. ఆ కోరిక ఎంత బలంగా ఉందో చూసుకున్నాకే మీరు దేనికి భయపడ్డారో అర్థమైంది. రేపు వాళ్లంతా కలిసి వచ్చి అడిగినా వద్దనే అంటాను.

మీ
రజియా