సేవ్ చేయని పొరపాటు

చోడవరం, మంగళవారం

గ్లోరియాకు,

నువ్వు ఉమామహేష్‌ని పెళ్లి చేసుకున్న రోజున, ఇక నీతో నోటితో మాట్లాడనని చర్చిలో సంఘం ముందు ప్రమాణం చేసేను. మూడేళ్లుగా తప్పలేదు. ఫోనూ వాట్సాపూ మాటల కిందికే వస్తాయి. కాగితం రాదు. అందుకే వైజాగ్ నుంచి రోజూ వచ్చిపోయే కంప్యూటర్ మాస్టారు దిలీప్ చేత ఈ ఉత్తరం పంపుతన్నాను.

మందిరానికీ పక్కనున్న కంప్యూటర్ క్లాసుకీ ఒకటే నెట్. క్లాసులో ఎవడో మన కెమెరాలోకి దూరి, నేను ఆదివారం లైవ్‌లో నరకం గురించి ప్రసంగిస్తంటే ఆపేస్తన్నాడు! నెట్ వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా, మేనేజ్డ్ స్విచ్, కొన్నాను. మొదటి దినాన దేవుడు వెలుగునీ చీకటినీ వేరు చేసినట్టు ఈ రెండింటినీ వేరు చెయ్యాలి. ఇది మాస్టారికి రాదు, నీ ఉద్యోగమే ఇది. ఎలాగో రాయి. ఆదివారం లోపు.

ఏబెల్


వైజాగ్, బుధవారం

ప్రియమైన నాన్నా,

నీ చేతిరాత చూసి ఆఫీసులోనే ఏడ్చేసేను.

ఒకే స్విచ్‌లో రెండు వీలాన్‌లు చెయ్యి. కంటికి కనబడని రెండు గదులనుకో. కెమెరా ఉన్న ఒకటి నుంచి నాలుగు పోర్టులు వీలాన్ పదిలో, క్లాసువి ఐదు నుంచి ఇరవై, వీలాన్ ఇరవైలో పెట్టు. రూటర్‌కి వెళ్లే ఇరవైనాలుగులో రెండూ ఉండాలి. రూటర్ పని వేరే కాగితం మీద రాసేను. నీ లాప్‌టాప్ తగిలించిన ఇరవైమూడుని మాత్రం ముట్టుకోకు, స్విచ్ సెట్టింగుల పేజీకి దారి అదొక్కటే. అన్నీ సరిచూసేకే సేవ్ నొక్కు.

జాగ్రత్త నాన్నా. ప్రతి ఆదివారం ఆ లైవ్‌లోనే నీ గొంతు వింటన్నాను.

నీ గ్లోరియా


చోడవరం, గురువారం

ఒసే గ్లోరియా,

ఇరవైమూడొక్కటీ ఎందుకు వదలాలని దాన్నీ వీలాన్ ఇరవైలో పెట్టేసేను. పేజీ పోయింది. స్విచ్ పలకడం లేదు. ఎర్రసముద్రం ముందు దారిలేక నిలబడ్డట్టుంది. ఉదయం నుంచి కూర్చోలేదు, తినలేదు. మీ అమ్మేమో, "పిల్లకి ఫోన్ చెయ్యడం మానేసి ఆ డబ్బాని తిడతావేటి?" అంటంది. రీసెట్ నొక్కెయ్యనా?

ఏబెల్


వైజాగ్, శుక్రవారం

నాన్నా,

రీసెట్ వద్దు, అన్నీ పోతాయి. సేవ్ నొక్కేవా? నొక్కకపోతే తప్పు నిలవదు. ప్లగ్ తీసి మళ్లీ పెట్టు, ముందులా వచ్చేస్తుంది. నొక్కేసుంటే ఇక ఉత్తరాలతో అవ్వదు, నాకు ఫోన్ చెయ్యాల్సిందే.

నొక్కేసుంటే బాగుణ్ణనీ ఒకపక్క ఉంది.

గ్లోరియా


చోడవరం, శనివారం

ప్రియమైన నా చిట్టితల్లీ,

సేవ్ నొక్కలేదు. ప్లగ్ తీసి పెడితే పేజీ వచ్చింది. ఈసారి నువ్వు చెప్పినట్టే చేసేను. క్లాసులోంచి కెమెరా కనబడటం లేదు. అప్పుడు సేవ్ చేసేను.

కానీ నీ చివరి మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. యెఫ్తా తొందరపడి మొక్కిన మొక్కుకి కన్నకూతురు బలైపోయిందని ఎన్నిసార్లు ప్రసంగించేనో! ఆ తండ్రిని నేనేనని ఒక్కసారీ తట్టలేదు. స్విచ్‌లో తప్పు రెండురోజులకి మించి నిలవలేదు. నాలో తప్పుని మూడేళ్లుగా ప్రతి ఆదివారం నేనే సేవ్ చేసుకుంటా వచ్చేను.

రేపు పదింటికి లైవ్ పెట్టు. ప్రమాణం చేసిన చోటే నిలబడి, అదే మైకులో దాన్ని విడిచిపెడతాను. మొదటి మాట నీ పేరే. అల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకో.

ఈసారి కెమెరాని ఎవడూ ఆపలేడు.

మీ నాన్న