రేడియం మీద నల్ల టేపు

బోరబండ,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి మనోజకు,

మీ నాయిన బాలనర్సయ్య దీవించి రాసేది. ఈడ నేను, మీ అమ్మ క్షేమం. ఆడ నువ్వు క్షేమమని తలుస్తున్న. క్షేమమని రాయనీకె చెయ్యి రాలేదు, కానీ ఉత్తరమంటే గట్లనే మొదలువెట్టాలె గదా, వెట్టిన. మీ గురుకులంల ఫోన్లు ఉండనియ్యరు. ఆదివారం వార్డెన్ మేడం ఫోన్ల మాట్లాడుదామంటే నీ ఎనుక పదిమంది పిల్లలు లైన్ల ఉంటరు. గట్ల ఐదు నిమిషాలల్ల చెప్పే ముచ్చట కాదిది.

అమ్మ నడుస్తుందా అని అడిగినవ్. వాకరు పట్టుకొని బాత్రూం దాకా పోతది. కుడికాల్ల ఏసిన రాడ్డు రెండేండ్లు ఉండాల్నట. ఇగ ఫిల్మ్ నగర్ బంగ్లాల వంట పని మాట మరిచిపో. వాళ్లు వారం గూడ ఆగలే, మన గల్లీ మల్లమ్మను పెట్టుకున్నరు. పదకొండేండ్లు వాళ్ల పొయ్యి కాడ నిలవడ్డది మీ అమ్మ. ఒక్కరన్న వచ్చి చూసిండ్రా? వాచ్‌మన్‌తోని నాలుగు యాపిల్ పండ్లు పంపిండ్రు. మీ అమ్మ వాటిని ముట్టలే.

నా పని ఎట్లుందని అడిగినవ్. ఏముంటది, సినిమా సెట్ల సామాన్లు మోసుడు, సర్దుడు. ఇప్పుడు బస్సుల పోతున్న. అమ్మ పనికి పోయొచ్చినంక నేను ఏస్కపోయే సైకిలు ఇంట్ల గోడకు ఆనిచ్చి ఉంది, ఎనుక చక్రం వంకరపోయింది. రిపేరు చేపియ్యనీకె మనసొస్తలేదు.

ఇగ నువ్వు రాసిన అసలు ముచ్చట. "నేను సైకిల్ నేర్పకపోతే అమ్మ కాలు మంచిగుండేది నాయినా, దసరాకు ఇంటికి రాను, అమ్మ మొఖం చూడలేను" అని రాసినవ్. అమ్మ రాంగ్ రూట్ల పోయిందా, చెయ్యి చూపియ్యకుండ మలిగిందా అని గుచ్చి గుచ్చి అడిగినవ్. అది చదివి రెండు దినాలు నాకు అన్నం పోలే.

లేదు బిడ్డా. ఎండకాలం సెలవుల్ల రైలు స్టేషన్ ముందటి జాగల నువ్వు నేర్పినదాంట్ల మీ అమ్మ ఒక్క ముక్క తప్పలే. రోడ్డుకు ఎడమ పక్కనే పోయేది, అంచుకు అతుక్కపోకుండ మూరెడు ఇడిసి. మలిగేటప్పుడు చెయ్యి చాపేది. ఆగిన కారు పక్కనుంచి పోతే ఎవడన్న డోరు తెరుస్తడని దూరంగ పోయేది. యూటర్న్ ఎంత దూరమున్నా దిగి జూబ్లీహిల్స్ ఎత్తు మీద నూకుకుంట పోయేది గని రాంగ్ రూట్ పట్టలే. నేనే నవ్వేటోన్ని, నీ బిడ్డ నిన్ను ట్రాఫిక్ పోలీసును చేసిందని.

రూల్సన్నీ మనకే బిడ్డా, కార్లోల్లకు ఒక్కటి లేదు. సందు ఇయ్యరు. పక్కనుంచి రాసుకుంట పోతరు, పోయినంక హారన్ కొడ్తరు. జూబ్లీహిల్స్ రోడ్లు వాళ్ల తాతలు ఏపిచ్చిండ్రనుకుంటరు. రెండు నెలలు గిట్లనే తిట్టుకుంట బతికిన. వాళ్లను తిడ్తుంటే నాకు జర నిమ్మలముండేది. నువ్వు దవాఖానకొచ్చి నా భుజం మీద తలపెట్టి ఏడ్సిన నాడు గూడ వాళ్లనే తిట్టిన. నీకు చెప్పాల్సింది చెప్పలే.

ఇప్పుడు చెప్తా. నువ్వు సైకిలు ఎనుక మడ్‌గార్డుకు, పెడళ్లకు ఎర్ర రేడియం అంటించి పోయినవ్ గదా. లైటు పడితే నిప్పు లెక్క మెరిసేది. జులైల మా షూటింగుకు పేదోని సైకిలు కావాలన్నరు. మనదుంది గదా అని నేనే ఇచ్చిన. హీరో సైకిలెక్కి పోయే సీను. లైట్లు ఏయంగనే కెమెరామన్ ఒర్రిండు, "ఏంటండీ అది వెనకాల, మెరిసిపోతోంది. మూసేయండి." మెరిసేదాన్ని మూసుడు మాకు సెట్ల రోజూ ఉండే పనే. అద్దం గానీ, స్టీలు గిన్నె గానీ, లైటు కొడ్తే నల్ల టేపు ఏస్తం. నీ రేడియం మీద గూడ నా చేతులతోనే ఏసిన. ఒక్క చుక్క ఎర్రది కనవడకుండ నీటుగ ఏసిన.

సాయంత్రం తీసేద్దామనుకున్న. అసిస్టెంట్ డైరెక్టరు అరవింద్ వచ్చి, "ఇంకా కొన్ని షాట్లు మిగిలాయి బాలనర్సయ్యగారూ, సైకిల్ అలాగే ఉంచండి, ఏదైనా మారితే ముందు తీసినదానితో కలవదు, కంటిన్యూటీ పోతుంది" అన్నడు. సరే సార్ అన్న. పదకొండు దినాలు గట్లనే ఉంచిన. ఆ సైకిలు మీదనే మీ అమ్మను తెల్లారకముందు, ముసురుల, పనికి పంపిన. ఆ షాట్లు వాళ్లు తియ్యనే లేదు. ఆ సీనే సినిమాల నుంచి ఎత్తేసిండ్రట.

ఇంకా ఉంది. ఇదొక్కటే అయితే ఎప్పుడో చెప్పేటోన్ని.

ఆ పొద్దు అమ్మను ఎనుకనుంచి కారు గుద్దిందని ఫోనొస్తే ఉరికిన. అప్పటికే గుద్దిన డ్రైవరే అమ్మను తన కార్లనే దవాఖానకు తీస్కపోయిండు. సైకిలు రోడ్డు పక్కన పడి ఉంది. దవాఖానకు పోవాల్సినోన్ని, ముందుగాల సైకిలు కాడ కూసొని గోర్లతోని టేపు పీకి జేబుల పెట్టుకున్న. పోలీసులొచ్చి ఫొటోలు తీస్తే రేడియం మంచిగ మెరిసింది.

ఆ డ్రైవరు పేరు దేవకుమార్. మన బోరబండలనే చర్చి ఎనుక కిరాయికుంటడు. పోలీస్ స్టేషన్ల చేతులు కట్టుకొని చెప్పిండు, "వెనకాల ఏమీ మెరవలేదండీ, దగ్గరికొచ్చేదాకా ఆవిడ నాకు కనపడలేదు." నేను ఆయన కాలరు పట్టుకున్న. నా బిడ్డ అంటించిందిరా, అబద్ధమాడుతవా అన్న. అందరు నన్నే నమ్మిండ్రు. ఓనరు ఆయనను పనిల నుంచి తీసేసిండు, కేసు నడుస్తుంది, ఇగ కారు నడిపే దిక్కు లేదు. ఆ దినం ఎంత జోరుగ వచ్చిండో నాకు తెల్వది. కానీ కనవడలేదన్న మాట నిజం. ఆ నిజం ఈ లోకంల ఆయనకు, నాకే తెలుసనుకున్న.

మొన్న మార్కెట్ల ఉల్లిగడ్డ బస్తాలు మోస్తుండు. నన్ను చూసి బస్తా దించి, "అమ్మగారికి ఎలా ఉందండీ" అని అడిగిండు.

అందుకే ఇయ్యాల పొద్దుగాల మీ అమ్మ ముందట కూసొని అంతా చెప్పిన. తిడ్తదనుకున్న, ఏడుస్తదనుకున్న. సైకిలు దిక్కు చూసి అన్నది, "టేపు నేను చూడలేదనుకున్నవా? రోజూ తుడిచేదాన్ని నేనే గదా. పీకుదామని రెండుమాట్లు గోరు గూడ పెట్టిన. షూటింగుది, తీస్తే నీ పనికి ఏమన్న అయితదేమోనని ఊకున్న."

గంతే అన్నది. అటు మలిగి పండుకున్నది.

రేపు ఈ ఉత్తరం డబ్బాల ఏసి, దేవకుమార్ ఇంటికి పోయి, ఆయనను తోలుకొని పోలీస్ స్టేషనుకు పోతున్న. టేపు ముక్కలు ఇంకా నా కాడనే ఉన్నయ్, పారెయ్యనీకె చేతకాలే. వాళ్లు నన్నేం చేస్తరో తెల్వది. నేనుంటే ఉంట, లేకుంటే లేను, నువ్వు మాత్రం దసరాకు ఇంటికి రా. మీ అమ్మ మొఖం చూడలేనిది నేను బిడ్డా, నువ్వు కాదు.

ఇట్లు,
నువ్వు అంటించినదాన్ని మూసిన
మీ నాయిన, బాలనర్సయ్య.