చుక్క పొడిచేదాకా

జ్యేష్ఠమాసం, సోమవారం, 1968

కార్తీకంలో జ్వరమొచ్చి మానేసిన సోమవారపు ఉపవాసాలు అత్తగారు ఈరోజు మొదలుపెట్టారు. ఎనభై దాటిన మనిషి. చుక్క కనబడితేనే భోజనం. కార్తీకంలో పెందరాళే పొడిచే చుక్క ఇవాళ ఎంతకీ రాలేదు.

"ఏటే, సూరీడు కదలడేటి?" అన్నారు నీరసంగా.

బడిలో సైన్సు చెప్పే నా మేనకోడలు నిమ్మకాయకి చీపురుపుల్ల గుచ్చి, ఒరగబెట్టి, దీపం చుట్టూ తిప్పి చూపించింది. "భూమి ఇలాగే ఒరిగి తిరుగుతాది అత్తా. ఇప్పుడు మన వైపు సూరీడికేసి వాలి ఉన్నాది. అందుకే పగలు పెద్దది."

ఇంత భూమిని స్వామి ఎందుకు ఒరగబెట్టాడో! నిటారుగా నిలబెడితే అన్ని మాసాలకీ ఒకే పగలు ఉండేదేమో.

మిగతా వారాలు కార్తీకంలో చేద్దామని అత్తగారితో మెల్లగా అన్నాను.

"అందాకా నానుంటానేటే?"

చుక్క పొడిచాక అన్నం వడ్డించాను. కార్తీకానికి భూమి ఇంకా దాదాపు సగం చుట్టు తిరగాలి...