కంపెనీ చూసుకుంటాది

అంబుజక్కకు,

మునిసిపాలిటీ మెంబరైనాక ఎలా ఉందని అడిగావు. గనులు మూతపడ్డాక, ఇన్నేళ్లూ కంపెనీ ఇచ్చిన నీళ్లూ దీపాలూ మా మునిసిపాలిటీ నెత్తిన పడ్డాయి. ఈ ఏడు కార్మికుల ఇళ్ల లైన్లకు రెండూ ఇవ్వలేం, ఏదో ఒకటేనని నిన్న బడ్జెట్ మీటింగులో తేల్చారు. అందరితోపాటు నేనూ నీళ్లకే చెయ్యెత్తాను.

మీటింగు అయి బయటికొస్తే, ఆ లైన్లలో ఉండే మునిలక్ష్మమ్మ కాచుకొని ఉంది. "దీపాలు ఇంగ ఎవురిస్తారమ్మా?" అని అడిగింది.

"కంపెనీ చూసుకుంటాదిలే" అన్నాను. నోటికి అలవాటైన మాట, అదే వచ్చింది. తల ఊపి వెళ్లిపోయింది. వెనక్కి పిలవబుద్ధి కాలేదు.

ఈ పొద్దు తాళం వేసిన కంపెనీ గేటు ముందు అర్జీ పట్టుకొని కూర్చుని ఉంది. "ఇంగా ఎవురూ రాలేదమ్మా" అంది.

వస్తారులే అని చెప్పి, వచ్చి నా అంగడి తెరిచాను.

నీ చెల్లెలు