పసుపు కింది దేవుడు

లచ్చి నాయినా,

ఏ ఊరికి పంపాల్నో తెల్వకనే రాస్తున్న. పోలీసు యాక్షనప్పుడు తాండూరు పోయొస్తనని పోయినోనివి, ఇయ్యాల్టికీ రాలే. నువ్వు రావాలని మన చెల్క పొలంల ఉన్న రాతి మల్లన్నకు ముడుపు కట్టిన. ఆదివారం ఆదివారం పసుపు పూసి, దీపం పెట్టి ఏడ్చిన.

నిన్న హైదరాబాదు నుంచి సర్కారోళ్లు లారీ తెచ్చిన్రు. పసుపంత నీళ్లతోని కడిగిన్రు. చూస్తే మీసాలు లెవ్వు, కండ్లు మూసుకొని కూసున్నడు.

"గీయన మల్లన్న కాదమ్మా, బుద్ధుడు. మ్యూజియంల పెడ్తం" అన్నడు సారు. మొక్కు తీరకుంటనే ముడుపు ఇప్పి నా చేతుల పెట్టిండు.

లారీకి అడ్డం పడ్డ. "ఎవరైతేంది సారూ, మా ఆయన్ను తోలుకొచ్చినంక తీస్కపోన్రి" అని కాళ్లు పట్టుకున్న.

సారు జర నెమ్మదిగ చెప్పిండు. "గీ బుద్ధుడు గుడ పెండ్లాన్నీ, పసిపిల్లగాన్నీ ఇడిసి, చెప్పకుంట ఇల్లు దాటినోడేనమ్మా."

గిన్నేండ్లు నేను గాయన్నే మొక్కిన!

"మరి ఆయన పెండ్లాం ఎవల్ని మొక్కింది సారూ?" అని అడిగిన. సారు పోయి డ్రైవరు పక్కన కూసున్నడు. లారీ పోయింది.

ముడుపు ఇంక నా గుప్పిట్లనే ఉంది. నువ్వన్న చెప్పు, దీన్ని యాడ కట్టాలె?