ఒక మర తక్కువ కుర్చీ

అమ్మాయికి అత్త దీవెనలు.

చొక్కా కొలతకి మొన్నటి పేపరు కత్తిరిస్తుంటే సగం వార్త కంటబడింది: "విమానయాన భద్రతా డైరెక్టర్ దింపేశారు." ఎవర్ని దింపేశారు, నిన్నేగా? షెడ్డులో గ్రీజు చేతులతో మొదలుపెట్టి, దేశంలో ఏ విమానం ఎగరాలన్నా నీ సంతకం కావాలనేదాకా వచ్చావు. నిన్ను దింపడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయి?

మీ దర్జీ అత్త

తా.క. మిగతా సగం వార్త కాలరు ముక్కలో పోయింది.

*

అత్తకి నమస్కారాలు.

నన్నెవరూ దింపలేదు. నేనే పదకొండు విమానాలను దింపేశాను. రెక్కను బిగించే బోల్టులో వెంట్రుకవాసి బీట కనబడింది. ఏం కాదంటున్నారు ఫ్యాక్టరీవాళ్ళు. బోల్టులన్నీ మార్చేదాకా ఎగరనివ్వనన్నాను. సోమవారం మంత్రిగారు నా గదికే వస్తున్నారు. అవి ఎగరొచ్చని సంతకం పెట్టకపోతే కుర్చీ ఖాళీ చెయ్యాలట. భయంగానే ఉందత్తా.

నీ మేనకోడలు

తా.క. నువ్వు నా దగ్గరికి రావాల్సిన విమానం కూడా ఆ పదకొండింట్లోదే. తిట్టుకోకు.

*

అమ్మాయీ,

సర్దిన పెట్టె విప్పేశాను. తిట్టుకున్నాను కూడా. అది సరే, కుర్చీ ఖాళీ చెయ్యమంటే ఆ నడుము నొప్పితో నిలబడి పనిచేస్తావా? మన మడతకుర్చీ పార్సెల్ చేశాను. భయపడకు.

అత్త

తా.క. వచ్చిన పెద్దమనిషికి ముందు కుర్చీ వెయ్యి. మర్యాద మరిచిపోకు.

*

అత్తా,

కుర్చీ అంటే ఉద్యోగం. నీకెలా చెప్పను? గేటు దగ్గర నీ పార్సెల్‌ని గంటసేపు పరీక్షించారు. తీరా చూస్తే వెనక కాలికి ఒక మర లేదు.

మంత్రిగారు రాగానే అదే వేశాను. "చూడ్డానికి బాగానే ఉందండీ, ఒక్క మరే తక్కువ, కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు. "మరి ఆ విమానంలో నూట ఎనభైమందిని కూర్చోబెట్టమంటున్నారు కదండీ" అన్నాను. నిలబడే కాగితాలన్నీ చదివారు. బోల్టులు మారుస్తున్నారు. నా కుర్చీ నాకే ఉంది.

నీ మేనకోడలు

తా.క. ఆయన వెనకాలే వచ్చిన ఫ్యాక్టరీ పెద్దాయన మాత్రం నేను చెప్పేలోపే అందులో కూర్చున్నాడు. దెబ్బలేం తగల్లేదు.

*

అమ్మాయీ,

కుర్చీ అంటే ఏమిటో తెలియకపోవడానికి నేనేం నిన్న పుట్టలేదు. ఆ మర తీసింది నేనే. నువ్వు చూడకుండా కూర్చోవని తెలుసు. చిన్నప్పుడు నేను కుట్టిన గౌనైనా సరే, తిరగేసి కుట్లు చూసుకునిగానీ తొడుక్కునేదానివి కాదు. అప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు గర్వంగా ఉంది.

అత్త

తా.క. మర ఈ కవర్లోనే ఉంది, గట్టిగా బిగించు. నువ్వు సంతకం పెట్టిన మొదటి విమానంలో వస్తున్నాను. నేను కూర్చునేది ఆ కుర్చీలోనే.