‘లావు తగ్గమ్మా’ తీర్మానం రద్దు

అక్కా, నీ ఆయాసంపై డాక్టర్లందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన ‘లావు తగ్గమ్మా’ అనే తీర్మానం, నువ్వు చనిపోయిన ఏడాదికి, నిన్న మార్కాపురంలో రద్దయిందని సవినయంగా తెలియజేస్తున్నాను. నీ వీపున స్టెతస్కోపు పెట్టే శ్రమ అప్పట్లో ఎవరూ తీసుకోలేదు. లావులోనూ పిల్లికూతల్లోనూ నీ వారసుణ్ణయిన నాచేత కొత్త డాక్టరమ్మ ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించింది.

“లావు తగ్గాల్సిందే. కానీ ఇది ఆస్తమా. ఊపిరిగొట్టాలు వాచినాయి. రోజూ మందు పీల్చాల,” అన్నది.

మన ఊరు రాచర్ల తిరిగొచ్చాక అమ్మ ఆ మందు పీల్చే ఇన్‌హేలర్‌ను బియ్యం డబ్బాలో దాచేసింది.

“అది అలవాటైతే సచ్చేదాకా ఇడవదంట నాయనా!”

“అక్కకు అలవాటు కాలేదు కదమ్మా,” అన్నాను.

ఈ పొద్దున అమ్మ టీ గ్లాసుతోపాటు దాన్నీ తెచ్చి, నేను పీల్చేదాకా ఎదుట నిలబడింది.